వానాకాలానికి ముందు అంబులెన్స్ మందుల పెట్టె: 108 సిబ్బందికి జాగ్రత్తలు

మృగశిర కార్తె దగ్గర పడిందంటే ఉమ్మడి నల్లగొండ, మహబూబ్‌నగర్ పల్లెల నుంచి వచ్చే కాల్స్ తీరు మారుతుంది. నాట్లతో పాముకాట్లు, పత్తి పిచికారీతో పురుగుమందు కేసులు పెరుగుతాయి. దేవరకొండ తండాల నుంచో అచ్చంపేట అడవి అంచు నుంచో పెద్దాసుపత్రికి చేరేదాకా రోగికి దిక్కు బండిలోని పెట్టే. ఇక్కడ చెప్పే మోతాదులన్నీ ఈఆర్‌సీపీ డాక్టరు (108 కాల్ సెంటర్‌లో ఉండి సలహా ఇచ్చే డాక్టరు) ఫోన్‌లో ఆదేశించాకే ఇవ్వాలి. ఆదేశం వినగానే మందు పేరు, మిల్లీగ్రాములు, ఇచ్చే దారి మళ్లీ చదివి వినిపించండి. "ఒక ఆంపూల్ ఇవ్వు" అంటే ఎన్ని మిల్లీగ్రాములో అడగండి, ఎందుకంటే సరఫరా మారితే ఆంపూల్‌లోని మందు బలం కూడా మారొచ్చు.

ఫిట్స్ ఆపే మిడజోలం సంగతే చూడండి. మిల్లీలీటరుకు 1 మి.గ్రా. ఉన్నదీ వస్తుంది, 5 మి.గ్రా. ఉన్నదీ వస్తుంది. ఫిట్స్ ఆగని 40 కిలోలు దాటిన మనిషికి కండరంలోకి 10 మి.గ్రా. ఇవ్వాలంటే రెండో రకం 2 మి.లీ. చాలు. మొదటి రకం 10 మి.లీ. కావాలి, అంత కండరంలోకి పట్టదు. రెండూ ఒకే అరలో ఉంటే రాత్రిపూట, కదిలే బండిలో పొరపాటు తప్పదు. అందుకే వేర్వేరు అరల్లో పెట్టి పెద్దక్షరాలతో రాయండి. ఈ మందు ఊపిరిని తగ్గిస్తుంది కాబట్టి అంబు బ్యాగ్ (చేత్తో నొక్కి ఊపిరి అందించే సంచి) చేతికందేలా ఉండాలి. ఫిట్స్ అనగానే షుగర్ కూడా చూడాలి. తక్కువగా ఉంటే డెక్స్‌ట్రోస్ (గ్లూకోజు) ఎక్కించే ముందు సూది నరంలోనే ఉందని సెలైన్‌తో తేల్చుకోండి, బయటికి కారితే అక్కడి కండ చచ్చిపోతుంది.

ఎండాకాలమంతా బండిలో ఉన్న మందులను ఇప్పుడే బయటికి తీసి చూడండి. అడ్రినలిన్ గులాబీ రంగుకో గోధుమ రంగుకో తిరిగితే గడువు తేదీ ఇంకా ఉన్నా పారేయాల్సిందే. కాన్పు తర్వాత రక్తస్రావం ఆపే ఆక్సిటోసిన్ 2 నుంచి 8 డిగ్రీల చల్లదనంలో లేకపోతే దాన్ని నమ్ముకోవద్దు.

తేనెటీగలు, కందిరీగలు కుట్టి తాటిచెట్ల కిందో చెలక గట్ల మీదో పడిపోయిన వాళ్లు వస్తుంటారు. ఒళ్లంతా దద్దుర్లతోపాటు ఆయాసమో, గొంతు బిగుసుకోవడమో, బీపీ పడిపోవడమో ఉంటే ముందు పడాల్సింది అడ్రినలిన్. ఏవిల్, హైడ్రోకార్టిసోన్ లాంటి ఎలర్జీ మందులు వేసి చూద్దామనే అలవాటు మానుకోవాలి. అవి ఊపిరి దారిని తెరవవు, పడిపోయిన బీపీని లేపవు. పెద్దవాళ్లకు 1 మి.లీ.లో 1 మి.గ్రా. ఉన్న ఆంపూల్ నుంచి 0.5 మి.లీ. తొడ బయటివైపు మధ్యలో కండరంలోకి ఇవ్వాలి, తగ్గకపోతే 5 నిమిషాలకు మళ్లీ. పిల్లలకు కిలోకు 0.01 మి.లీ., అంటే 15 కిలోల పాపకు 0.15 మి.లీ. దీనికి 1 మి.లీ. సిరంజి వాడండి. ఇన్సులిన్ సిరంజి వద్దు. అందులో 40 గీతలదీ 100 గీతలదీ ఉంటాయి, పైగా దాని సూది కండరం దాకా దిగదు. రోగిని ఒక్కసారిగా లేపి నిలబెట్టొద్దు, గుండె ఆగే ప్రమాదం ఉంటుంది. గుండె ఆగినవాళ్లకు నరంలోకి ఇచ్చే 1 మి.గ్రా. వేరే లెక్క. ఆ మోతాదును గుండె కొట్టుకుంటున్న మనిషికి నరంలోకి గుచ్చితే ప్రాణం మీదికి వస్తుంది.

"మందు తాగిండు" అని కాల్ వస్తే ముందు డబ్బా చూడాలి. గ్లౌజులు వేసుకొని దాన్ని కవర్లో పెట్టి వెంట తీసుకెళ్లండి. ఉప్పునీళ్లు తాగించి కక్కించే పనిని అక్కడే ఆపించండి. తడిసిన బట్టలు తీసేసి సబ్బునీళ్లతో ఒళ్లు కడిగి, ఎడమవైపుకు తిప్పి పడుకోబెట్టండి. బండి కిటికీలు తెరిచి ఉంచండి.

నోట నురగ, చెమటలు, సూదిమొనంత కంటిపాపలు, ఛాతీలో గురగుర ఉంటే అది ఆర్గానోఫాస్ఫేట్ రకం పురుగుమందు కావచ్చు. ఇక్కడ విరుగుడుగా ఇచ్చే అట్రోపిన్ లెక్కే చాలామందిని తడబెడుతుంది. 0.6 మి.గ్రా. ఆంపూల్ అయితే పెద్దవాళ్లకు మొదటి మోతాదు 1.8 నుంచి 3 మి.గ్రా., అంటే 3 నుంచి 5 ఆంపూల్స్. 5 నిమిషాలకు ఛాతీలో తడి తగ్గకపోతే రెట్టింపు, అప్పటికీ తగ్గకపోతే మళ్లీ రెట్టింపు. 5తో మొదలుపెడితే 10, ఆపైన 20, మొత్తం 35 ఆంపూల్స్. పది పెట్టుకొని బయల్దేరితే సగం దారిలో చేతులెత్తేయాల్సి వస్తుంది, కాబట్టి పిచికారీల కాలానికి ముందే ఇండెంట్ (స్టోరుకు పంపే మందుల కోరిక) పెంచండి.

ఎక్కడ ఆపాలో స్టెతస్కోపే చెప్తుంది. రెండువైపులా ఛాతీ పొడిగా వినిపించాలి, నాడి 80 దాటాలి, పై బీపీ 80 దాటాలి. నాడి 120 అయిందని ఛాతీ తడిగా ఉండగానే ఆపితే రోగి తన స్రావాల్లోనే మునిగిపోతాడు. కంటిపాప పెద్దదయ్యేదాకా పోస్తూ పోవడమూ తప్పే, అది ఆలస్యంగా మారుతుంది. ఛాతీ పొడిబారాక రోగి కలవరిస్తూ, ఒళ్లు కాలిపోతూ ఉంటే మోతాదు ఎక్కువైందని డాక్టరుకు చెప్పి ఆపండి.

డబ్బా మీద పారాక్వాట్ అని ఉంటే దారి వేరు. అది కలుపు మందు, అట్రోపిన్ దానికి పనిచేయదు. అలవాటుగా మాస్క్ పెట్టేయొద్దు, ఆక్సిజన్ ఆ విషాన్ని ఊపిరితిత్తుల్లో ఇంకా రగిలిస్తుంది. పల్స్ ఆక్సీమీటర్ రీడింగ్ 90 కన్నా పడిపోతే డాక్టరు చెప్పినంతే ఇవ్వాలి.

పాముకాటులో కాటుపడ్డ చెయ్యి, కాలు కదలకుండా కట్టు కట్టి పడుకోబెట్టి తీసుకెళ్లడమే మన పని. ఊళ్లో ఎవరైనా తాడు గట్టిగా బిగిస్తే నరంలో లైన్ పెట్టకముందు హఠాత్తుగా విప్పొద్దు. నొప్పికి డైక్లోఫెనాక్ ఇవ్వొద్దు, రక్తపింజర కాటైతే రక్తస్రావం ఎక్కువవుతుంది. కట్లపాము కాటుకు గాటు కూడా కనబడకపోవచ్చు. నేలమీద పడుకున్న మనిషి తెల్లారుజామున కడుపునొప్పి అంటూ రెప్పలు వాలుస్తుంటే అదేనని అనుమానించి, ఊపిరి తగ్గితే అంబు బ్యాగ్‌తో ఇవ్వండి.

ఆసుపత్రిలో అప్పగించేటప్పుడు ఇచ్చిన ప్రతి మందు మిల్లీగ్రాములు, టైము రాసిన కాగితం, ఖాళీ ఆంపూల్స్, విషం డబ్బా మూడూ డ్యూటీ డాక్టరు చేతికే ఇవ్వండి. తర్వాతి అట్రోపిన్ మోతాదు ఆ కాగితం చూసే వేస్తారు.