శేషాలతో పెద్ద సంఖ్యలు – 4వ పాఠం: 429 కోట్ల పైచిలుకు సంఖ్యకు కారణాంకం

ఒక సంఖ్య వర్గానికి శేషం కావాలంటే ఆ సంఖ్య శేషాన్ని వర్గం చేస్తే చాలని పోయిన పాఠంలో నేర్చుకున్నాం. ఆ ఒక్క కిటుకుతోనే ఇవాళ 4,29,49,67,297 పని పడదాం. చూడగానే టెన్షన్ పుట్టించే సంఖ్యే, కానీ అసలు రూపం చాలా చిన్నది: 2³² + 1.

2¹ + 1, 2² + 1, 2⁴ + 1, 2⁸ + 1, 2¹⁶ + 1 వేసి చూడండి. 3, 5, 17, 257, 65,537 వస్తాయి. అన్నీ ప్రధాన సంఖ్యలే. ఈ వరస ఎంత దూరం వెళ్లినా ప్రధాన సంఖ్యలే వస్తాయని 1640లో ఫ్రాన్సు గణితజ్ఞుడు ఫెర్మా గట్టిగా నమ్మాడు, నిరూపణ మాత్రం దొరకలేదు. వరసలో ఆ తర్వాతది మన సంఖ్యే. దానికి 641 కారణాంకమని 1732లో స్విట్జర్లాండ్ గణితజ్ఞుడు ఆయిలర్ ప్రకటించాడు.

మామూలుగా అయితే 65,536 లోపున్న ప్రధాన సంఖ్యలన్నిటితో భాగించి చూడాలి. అవి 6,542 ఉన్నాయి! దీని ప్రధాన కారణాంకం ఏదైనా సరే, 64తో భాగిస్తే శేషం 1 రావాలని ఆయిలరే తర్వాత నిరూపించాడు. ఆ జల్లెడలో మిగిలేవి 193, 257, 449, 577, 641... అంటే ఐదో ప్రయత్నానికే పట్టుబడుతుంది.

ఇప్పుడు కాగితం తీసుకోండి. కాలిక్యులేటర్ వద్దు.

2⁸ = 256. ఇది 641 కన్నా తక్కువే కాబట్టి అలాగే ఉంచండి.

256 × 256 = 65,536. అందులోంచి 641 × 102 = 65,382 తీసేస్తే 154. ఇది 2¹⁶ శేషం.

154 × 154 = 23,716. అందులోంచి 641 × 36 = 23,076 తీసేస్తే 640. ఇది 2³² శేషం.

640కి 1 కలిపితే 641, అంటే శేషం సున్నా. పదంకెల సంఖ్యను ఎక్కడా భాగించలేదు, రెండు చిన్న గుణకారాలతోనే తేలిపోయింది. నాకు ఈ లెక్కంటే ప్రాణం. భాగఫలం 67,00,417. అది కూడా ప్రధాన సంఖ్యే.

ఇంకో చిట్కా. 641తో భాగిస్తే శేషం 640 వచ్చినప్పుడు, అందులోంచి 641 తీసేసి దాన్ని −1 అని రాసుకోండి, ముందు పని తేలికవుతుంది. 257 విషయం చూడండి: 2⁸ శేషం 256, అంటే −1. దాని వర్గం 1, మళ్లీ వర్గం చేసినా 1. ఒకటి కలిపితే 2. సున్నా రాలేదు కాబట్టి 257 కారణాంకం కాదు.

అభ్యాసానికి 449 తీసుకోండి. 2¹⁶ దగ్గర మీకు 431 రావాలి. దాన్ని −18గా మార్చుకుని వర్గం చేయండి. చివరికి 325 వస్తే మీ లెక్క సరైనదే. 193, 577 కూడా ఇలాగే చేయండి. ఆ 64 నియమం ఎక్కడి నుంచి వచ్చిందో 5వ పాఠంలో నిరూపిద్దాం.