వాల్వు యాంప్లిఫయర్ కడదాం – 5వ పాఠం: కేథోడ్ దగ్గర కొలత

పోయిన పాఠంలో పవర్ సప్లై పూర్తయింది. ఈసారి సాకెట్‌లో ఇఎల్84 (స్పీకర్‌ని నడిపే పవర్ వాల్వు) పెట్టి, దాన్ని సరైన కరెంటు దగ్గర నిలబెడదాం. వాల్వు ఎన్నాళ్లు మన్నుతుందో, పాట ఎంత హాయిగా వినిపిస్తుందో చాలావరకు ఇక్కడే తేలిపోతుంది. ఖరీదైన కెపాసిటర్లు కొనే ముందు కేథోడ్ దగ్గరి వోల్టేజి, ఈ ఒక్క కొలత సరిగ్గా తీయండి.

ముందుగా ప్రాణభద్రత. పవర్ సప్లైలోని ఫిల్టర్ కెపాసిటర్‌కి అడ్డంగా 220 కిలోఓమ్, 2 వాట్ల రెసిస్టర్ ఉండాలి. కెపాసిటర్ 100 మైక్రోఫారడ్ అయితే స్విచ్ ఆపాక అది ఖాళీ కావడానికి రెండు నిమిషాలు పడుతుంది. అయినా మీటర్ పెట్టి చూశాకే చెయ్యి పెట్టండి. స్పీకర్ లేదా 8 ఓమ్‌ల 10 వాట్ల రెసిస్టర్ తగిలించకుండా వాల్వుకి సిగ్నల్ ఇవ్వొద్దు. లోడు లేకపోతే అవుట్‌పుట్ ట్రాన్స్‌ఫార్మర్ ప్రైమరీలో వోల్టేజి విపరీతంగా ఎగసి, లోపలి ఇన్సులేషన్ కాలిపోతుంది.

సాకెట్‌ని కింది నుంచి చూస్తూ, ఖాళీ జాగా దగ్గర మొదలుపెట్టి గడియారం తిరిగే దిశలో లెక్కపెట్టండి: 2 గ్రిడ్, 3 కేథోడ్, 4, 5 హీటర్, 7 యానోడ్, 9 స్క్రీన్. హీటర్ వేడికి కేథోడ్ ఎలక్ట్రాన్లని వదులుతుంది, యానోడ్ వాటిని అందుకుంటుంది, గ్రిడ్ ఆ ప్రవాహాన్ని అదుపు చేస్తుంది, స్క్రీన్ అంటే రెండో గ్రిడ్. గ్రిడ్ నుంచి గ్రౌండుకి 470 కిలోఓమ్. కేథోడ్ నుంచి గ్రౌండుకి 150 ఓమ్‌లు, 2 వాట్లు. వాల్వులో కరెంటు పారగానే ఈ 150 ఓమ్‌ల మీద సుమారు 7.5 వోల్టులు నిలుస్తాయి. గ్రిడ్ సున్నా దగ్గరే ఉంది కాబట్టి, కేథోడ్ వైపు నుంచి చూస్తే అది మైనస్ 7.5. కరెంటు పెరగబోతే కేథోడ్ పైకి లేస్తుంది, గ్రిడ్ ఇంకా మైనస్‌లోకి పోతుంది, కరెంటు తగ్గుతుంది. అంటే వాల్వు తన కళ్లెం తానే పట్టుకుంటుంది.

ఇప్పుడు లెక్క. 7.5ని 150తో భాగిస్తే 50 మిల్లీఆంప్‌లు. అందులో సుమారు 5 స్క్రీన్‌వి, మిగతా 45 యానోడ్‌వి. యానోడ్‌కీ కేథోడ్‌కీ మధ్య 250 వోల్టులుంటే 11.25 వాట్లు. ఈ వాల్వు యానోడ్ హద్దు 12 వాట్లు. చాలామంది యానోడ్ వోల్టేజిని గ్రౌండు నుంచి కొలిచి లెక్క తప్పుతారు.

ఆ కేథోడ్ రెసిస్టర్‌కి సమాంతరంగా పెట్టే కెపాసిటర్ 220 మైక్రోఫారడ్, 50 వోల్టులు, ప్లస్ కేథోడ్ వైపు. 150 ఓమ్‌లనే లెక్కలోకి తీసుకుంటే 100 చాలనిపిస్తుంది. కానీ కేథోడ్ లోపలి నిరోధం దాదాపు 88 ఓమ్‌లు దానికి సమాంతరంగా ఉంటుంది, కలిపితే 56. అందుకే 100తో 28 హెర్ట్జ్ దగ్గరే బేస్ సన్నగిల్లడం మొదలవుతుంది, 220తో అది 13కి దిగుతుంది. మృదంగం ఎడమ వైపు నిండుగా పలకాలంటే ఈ తేడా విలువైనదే.

కొలత తేడాగా వస్తే? కేథోడ్ దగ్గర సున్నా ఉండి హీటర్ వెలగకపోతే సాకెట్ పట్టు చూడండి. అదే సున్నాతో హీటర్ వెలుగుతూ, యానోడ్ రేకు ఎర్రబడుతుంటే వెంటనే ఆపేయండి, కేథోడ్ కెపాసిటర్ షార్టయి ఉంటుంది. 30 వోల్టులు దాటితే 150 ఓమ్‌ల రెసిస్టర్ తెగిపోయినట్టే.

అన్నిటికన్నా మోసపుచ్చేది, 8 వోల్టుల నుంచి మెల్లగా 10, 11కి పాకే కొలత. అప్పుడు గ్రిడ్ మీద మీటర్ పెట్టండి. అక్కడ ప్లస్ కనిపిస్తే, స్విచ్ ఆపి వాల్వు తీసి, వాల్వు లేకుండానే మళ్లీ స్విచ్ వేసి అక్కడే చూడండి. కరెంటు లాగే వాల్వు లేక సప్లై వోల్టేజి పెరుగుతుంది, కాబట్టి కొన్ని క్షణాలు చాలు. ప్లస్ అలాగే ఉంటే ముందు దశ నుంచి సిగ్నల్‌ని గ్రిడ్‌కి తెచ్చే కప్లింగ్ కెపాసిటర్ లీకవుతోంది, మార్చేయండి. సున్నాకి పడితే లోపం వాల్వుదే. పాత రేడియోల నుంచి తీసిన కెపాసిటర్లు వాడితే మొదటి అనుమానం వాటి మీదే పెట్టుకోండి. బెంగళూరు భారత్ ఎలక్ట్రానిక్స్ చేసిన పాత ఇఎల్84లు దొరికితే మాత్రం వదులుకోకండి, ఈ పరీక్ష నెగ్గాక నిశ్చింతగా వాడుకోవచ్చు.

కొలత వేడెక్కిన అరగంట తర్వాత మళ్లీ తీయండి. సాయంత్రం మెయిన్స్ (ఇంటి కరెంటు) 230 వోల్టుల నుంచి 245కి పెరిగే ఊళ్లలో అప్పుడు కూడా తీయండి. హీటర్ దగ్గర 6.6 వోల్టులు మించకూడదు.

అభ్యాసం: కేథోడ్ దగ్గర 8.4 వోల్టులు, గ్రౌండు నుంచి యానోడ్ దగ్గర 268 వచ్చాయి. స్క్రీన్ కరెంటు 5.5 మిల్లీఆంప్‌లు అనుకుని యానోడ్ వాట్లు లెక్కకట్టండి. ఆ తర్వాత 150 బదులు 180 ఓమ్‌లు వేసి మళ్లీ కొలవండి. జవాబు వచ్చే పాఠంలో, దీనికి ముందు ఉండే చిన్న వాల్వు ఇసిసి83 దశతో కలిపి చూద్దాం.