యాంటీబయాటిక్ లేని బ్రాయిలర్ దాణా – 4వ పాఠం: ఎల్లిగడ్డను వేయించకండి

ఈసారి వేపాకు గురించి రాయాలనుకున్నాను. పోయిన పాఠంలో యాంటీబయాటిక్‌కు బదులు దాణాలో కలపమని చెప్పిన పసుపు, ఎల్లిగడ్డ, ఓమ పొడి మీద వచ్చిన ఫోన్లు చూశాక వేపాకును పక్కన పెట్టాను. దేవరకొండ దగ్గర ఒక తమ్ముడి షెడ్డులో పిల్లలు దాణా ముట్టలేదు. జడ్చర్లలో ఒకాయన ఫీడర్ల అడుగున పసుపు రంగు పొడి అట్ట కట్టింది. కల్వకుర్తి నుంచి ఒక అక్క, "అన్నా, బ్యాచ్ మొత్తం ఏసినా ఏం తేడా రాలే" అన్నది. మొదటి రెండు తప్పులు నా రాతవల్ల వచ్చినవి. మూడోది మన వంటింటి అలవాటు వల్ల వచ్చింది.

దేవరకొండ సంగతి త్వరగా తేలింది. "కిలోకు 5 గ్రాముల పసుపు" అని రాసి వదిలేశాను. కిలో దాణాకు అని నా ఉద్దేశం, ఆయన కోడికి 5 గ్రాములు అనుకున్నాడు. మొదటి వారంలో పిల్ల రోజుకు తినేదే 20–25 గ్రాములు. అందులో 5 గ్రాములు పసుపే ఉంటే ఏ పిల్ల ముక్కు పెడుతుంది? కాబట్టి ఇక నుంచి లెక్కంతా బస్తాకే చెబుతాను. 50 కిలోల బస్తాకు పసుపు 250 గ్రాములు, ఎల్లిగడ్డ పొడి 250 గ్రాములు, ఓమ పొడి 100 గ్రాములు, అన్నీ కలిపి 600 గ్రాములు. ఇది నేను వాడే కొలత. ఇంతకంటే పెంచితే ఘాటుకు మేత తగ్గుతుంది, మేత తగ్గితే బరువు తగ్గుతుంది.

ఇక కల్వకుర్తి అక్క విషయం. పొడి ఎట్లా చేశావని అడిగాను. "ఎల్లిగడ్డ పెనం మీద దోరగా వేయించిన, ఓమ కూడా వేయించిన, మిక్సీ పట్టిన. ఇల్లంతా వాసన నిండింది" అన్నది. ఆ మాట విన్నప్పుడు నాకు ప్రాణం ఉసూరుమంది. ఎందుకంటే ఇల్లంతా నిండిన ఆ వాసన కోళ్లకు అందాల్సిన మందు. నా మొదటి బ్యాచ్‌కు నేను చేసిందీ అదే. కారం పొడి కొట్టినా, పప్పుల పొడి చేసినా మనం ముందు వేయిస్తాం. చేతికి అలవాటైన పని కాబట్టి ఇక్కడ కూడా పెనం పొయ్యి మీదికి ఎక్కుతుంది. అందుకే ఈ ఒక్క విషయం వివరంగా చెబుతాను.

ఎల్లిగడ్డ పాయను అట్లాగే ఉంచితే దానికి అంత ఘాటు ఉండదు. దంచినప్పుడే ముక్కుకు తగులుతుంది. కారణం ఏమిటంటే, పాయలో అల్లీన్ అనే పదార్థం ఒకచోట, దాన్ని మార్చే ఎంజైమ్ ఇంకోచోట ఉంటాయి. పాయ నలిగితే రెండూ కలిసి అల్లిసిన్ పుడుతుంది. సూక్ష్మక్రిముల మీద పని చేసేది ఆ అల్లిసిన్. ఎంజైమ్ వేడికి తట్టుకోలేదు. పెనం మీద వేయిస్తే అది చచ్చిపోతుంది, తర్వాత ఎంత మెత్తగా దంచినా అల్లిసిన్ పుట్టదు. పొడి కమ్మగా ఉంటుంది, అన్నంలోకి బాగుంటుంది. కోడి పేగుకు మాత్రం పెద్దగా పనికిరాదు.

ఓమది ఇంకో దారి. అందులోని థైమాల్ నూనె మొదటి నుంచే తయారుగా ఉంటుంది. అది బ్యాక్టీరియా పై పొరను దెబ్బ తీస్తుంది. కాకపోతే గాలిలో ఎగిరిపోయే గుణం దానిది. వేడి తగిలిందంటే ముందు పోయేది అదే. మిక్సీ జార్ వేడెక్కినా కొంత పోతుంది. అందుకని నేను మిక్సీని ఆగి ఆగి తిప్పుతాను, జార్‌ను చేత్తో పట్టుకుంటే గోరువెచ్చగా తగిలినా ఆపేస్తాను. రోలు ఉన్నవాళ్లు రోట్లోనే దంచండి, నాకైతే అదే ఇష్టం.

నమ్మకం కుదరకపోతే ఇంట్లోనే చూడండి. రెండు గాజు గ్లాసుల్లో కొద్దికొద్దిగా గోరువెచ్చని నీళ్లు పోయండి. ఒకదాంట్లో నీడలో ఎండబెట్టి కొట్టిన ఎల్లిగడ్డ పొడి ఒక చెంచా, రెండోదాంట్లో వేయించి కొట్టిన పొడి ఒక చెంచా వేసి మూత పెట్టండి. ఐదు నిమిషాల తర్వాత మూత తీసి వాసన చూడండి. మొదటి గ్లాసులోంచి అప్పుడే దంచిన పాయ లాగా ఘాటు ముక్కుకు కొడుతుంది. పొడిగా ఉన్నప్పుడు లేని ఘాటు నీళ్లు తగిలాక పుట్టింది, అంటే ఎంజైమ్ బతికి ఉంది. రెండో గ్లాసులో తాలింపు వాసన తప్ప ఇంకేం ఉండదు. బజారులో కొన్న పొడికీ ఇదే పరీక్ష పెట్టండి.

అయితే ఎండబెట్టేది ఎట్లా? పొట్టు తీసి, సన్నగా తరిగి, నీడలో బట్ట మీద పరిచి ఫ్యాన్ వేయండి. ముక్క వంగకుండా పుటుక్కున విరగాలి. కిలో పొట్టు తీసిన పాయలకు ఇంచుమించు మూడో వంతు పొడి వస్తుంది. వానాకాలంలో ఆరక బూజు పడితే మొత్తం పారేయండి, బూజు పట్టింది దాణాలో కలిపితే లివర్‌కే దెబ్బ. పొడిని గాలి తగలని స్టీలు డబ్బాలో పెట్టి పదిహేను రోజుల్లో వాడేయండి.

పసుపుకు ఈ బాధ లేదు. కొమ్ములను ఉడికించే ఎండబెడతారు, అయినా అందులో పని చేసే కుర్కుమిన్ అనే పదార్థం నిలుస్తుంది. వెలుతురు నుంచి కాపాడితే చాలు. కొమ్ములు కొని పట్టించుకోండి. విడి పొడిలో రంగు కోసం లెడ్ క్రోమేట్ కలిపే మోసం ఉంది, ఆ సీసం కోడిలోకి, కోడి నుంచి మనలోకి వస్తుంది.

ఇప్పుడు జడ్చర్ల. 600 గ్రాముల పొడిని బస్తాలో గుమ్మరించి పారతో తిప్పితే కలవదు. 600 గ్రాముల పొడికి 600 గ్రాముల దాణా కలపండి. దానికి అంతే దాణా, మళ్లీ అంతే. నాలుగుసార్లు చేస్తే 9.6 కిలోలు అవుతుంది. అప్పుడు టార్పాలిన్ మీద మిగతా బస్తా పరిచి, పైన దీన్ని చల్లి, కుప్పను రెండు వైపుల నుంచి మూడుసార్లు తిరగేయండి. నాలుగు మూలల నుంచి నాలుగు గుప్పెళ్లు తెల్ల కాగితం మీద పోసి చూడండి. పసుపు రంగు అన్నింటిలో ఒకేలా ఉంటే కలిసినట్టు. నేను పసుపును మానకపోవడానికి ఇది కూడా ఒక కారణం.

పెల్లెట్, క్రంబుల్ దాణా అయితే పొడి గింజకు అంటుకోక అడుగుకు జారుతుంది. జడ్చర్లలో జరిగింది ఇదే. దానికి క్రమం మార్చాలి. ముందు బస్తా దాణాను టార్పాలిన్ మీద పరిచి 200 మిల్లీలీటర్ల తవుడు నూనె చిలకరించి తిప్పండి, తర్వాత పొడిని కొద్దికొద్దిగా చల్లుతూ కలపండి. నూనె పట్టించిన దాణా మూడు రోజులకు మించి నిల్వ పెట్టొద్దు.

కంపెనీ పిల్లలు, కంపెనీ దాణాతో పెంచేవాళ్లు సూపర్‌వైజర్‌కు చెప్పకుండా ఏదీ కలపకండి. దాణాలో ముందే ఏమేం ఉన్నాయో అడిగి రాసుకోండి. కాక్సీ (రక్తపు రెట్ట తెచ్చే పేగు జబ్బు) రాకుండా వేసే మందు ఉంటే దాన్ని తీయమనకండి. మనం మానేది ఎదుగుదల కోసం రోజూ వేసే యాంటీబయాటిక్‌ను మాత్రమే. యూరోపియన్ యూనియన్ దాన్ని 2006లోనే ఆపింది. మన దేశంలో కొలిస్టిన్ అనే యాంటీబయాటిక్‌ను కోళ్లకు, పశువులకు వాడకుండా 2019లో నిషేధించారు. రక్తపు రెట్ట కనిపించినా, పిల్లలు రెక్కలు వేలాడేసి మూలకు చేరినా ఈ పొడి మీద ఆశ పెట్టుకోకండి. అది జబ్బు, వెంటనే పశువైద్యుణ్ని పిలవండి. మందు వాడాల్సి వస్తే వాడండి, ఆయన చెప్పిన రోజులు గడిచాకే కోళ్లు అమ్మండి. లసోటా (రాణిఖేత్ జబ్బుకు), గంబోరో జబ్బు టీకాలు ఎప్పటిలాగే వేయాలి.

అభ్యాసం ఈసారి బరువైనదే, కానీ ఇది చేయకుండా ముందుకు పోవద్దు. ఒకే హ్యాచరీ నుంచి ఒకే రోజు వచ్చిన పిల్లల్లో నుంచి 100 ఏరకుండా తీసి, ఒకే షెడ్డులో ఊక కొత్తగా పరిచి, రెండు గదులు కట్టి, గదికి 50 వేయండి. ఒక గదికి మామూలు దాణా, ఒక గదికి పొడి కలిపింది. అమ్మే దాకా ఒక గది సుమారు 175 కిలోల దాణా తింటుంది, అంటే మూడున్నర బస్తాలు. దానికి ఎల్లిగడ్డ పొడి 875 గ్రాములు కావాలి, పొట్టు తీసిన పాయలు రెండున్నర కిలోల పైన. రెండు వారాలకు సరిపడా చేసుకుంటూ పోండి. ప్రతి ఆదివారం పొద్దున దాణా వేయకముందే రెండు గదుల కోళ్లన్నీ తూకం వేయండి. చచ్చిన పిల్లను కూడా తూచి తేదీతో రాయండి. ఊకను గుప్పెట్లో పిసికి చూడండి, ముద్ద కడితే తడి ఎక్కువైనట్టు, అది ఏ గదిలో ముందు వచ్చిందో రాయండి. చివర తిన్న దాణాను మొత్తం బరువుతో భాగించండి. 171 కిలోలు తిని 48 కోళ్లు సగటున 2.1 కిలోలు తూగితే ఎఫ్‌సీఆర్ (కిలో బరువుకు తిన్న దాణా) 1.70.

రెండు గదుల అంకెలు పక్కపక్కన రాసిన కాగితం ఫోటో పంపండి, తేడా లేకపోయినా పంపండి. కల్వకుర్తి అక్క ఈసారి నీడలో ఆరిన పాయలతో మొదలుపెట్టింది.