బొమ్మను చూడటం నేర్చుకుందాం – 5వ పాఠం: ముఖం మీద ఆకుపచ్చ

పోయిన పాఠంలో గీత గురించి చెప్పుకున్నాం. ఈసారి రంగు. ఎక్స్‌ప్రెషనిస్టుల (కంటికి కనిపించేదానికన్నా మనసుకి తోచేదాన్ని రంగులతో చెప్పిన చిత్రకారుల) బొమ్మల ముందు చాలామంది ఆగిపోయేది ఇక్కడే. "మనిషి ముఖం ఆకుపచ్చగా ఉండటమేమిటండీ?" అంటారు. ప్రశ్నలో తప్పేం లేదు. కాకపోతే ఇంకోలా అడిగితే ఎక్కువ పనికొస్తుంది: ఆ ఆకుపచ్చ అక్కడ ఏం పని చేస్తోంది?

ఈ పాఠానికి తీసుకున్న బొమ్మ జర్మన్ చిత్రకారిణి గాబ్రియేలె మ్యూంటర్ 1909లో వేసిన, మరియాన్న ఫాన్ వెరెఫ్కిన్ అనే ఆవిడ చిత్రం. అట్ట మీద తైలవర్ణాలతో వేసింది. ఎత్తు సుమారు 81 సెంటీమీటర్లు, వెడల్పు 55. జర్మనీలో మ్యూనిక్‌లోని లెన్‌బాఖ్‌హౌస్ మ్యూజియంలో ఉంది. నెట్‌లో వెతికి తెరవండి. ఫోన్‌లో రాత్రిపూట కళ్లకు హాయిగా ఉండాలని పెట్టుకునే సెట్టింగ్ ఉంటే ముందు అది ఆపేయండి. తెరే పసుపు పులుముకుంటే ఈ పాఠం మొత్తం దండగ.

బొమ్మలో ఉన్న ఆవిడ ఎవరో ఇప్పుడే చదవొద్దు. రెండు నిమిషాలు ఊరికే చూడండి, తర్వాత కళ్లు చికిలించి చూడండి. ముక్కు, కళ్లు, పూల రెక్కలు అన్నీ చెదిరిపోయి నాలుగు ముద్దలు మిగులుతాయి: వెనకంతా పసుపు, పైన పెద్ద టోపీ, కింద విశాలంగా పరుచుకున్న ఒళ్లు, మెడ నుంచి కిందికి జారే ఊదారంగు కండువా. బొమ్మ నిలబడింది ఆ నాలుగింటి మీదే. ముఖం ఆ తర్వాత వచ్చి చేరిన అతిథి.

ఇప్పుడు కండువాను వేలితో మూసి చూడండి. వెనక పసుపు కాస్త చప్పబడుతుంది. వేలు తీయండి, మళ్లీ మండుతుంది. రంగులన్నిటినీ వరసగా గుండ్రంగా పేర్చిన రంగుల చక్రంలో పసుపుకి సరిగ్గా ఎదురుగా కూర్చునేది ఊదా. ఎదురెదురు రంగులు పక్కపక్కన పడితే ఒకదాన్నొకటి రెచ్చగొడతాయి. మ్యూంటర్ ఊదాను తక్కువే వాడింది, పసుపును మాత్రం ధారాళంగా పరిచింది. రెండూ సమానంగా ఉండి ఉంటే కంటికి తగువులాట తప్ప ఇంకేమీ మిగలదు.

ఇక ఆకుపచ్చ సంగతి. బొమ్మను ఫోన్‌లో సేవ్ చేసుకుని, ఫొటోలు సరిదిద్దే చోట నలుపు-తెలుపులోకి మార్చండి. ముఖం మీద ఆకుపచ్చ పడిన చోట్లు చాలావరకు మామూలు నీడల్లా కనిపిస్తాయి. కిటుకంతా ఇక్కడే ఉంది. రంగు ఏదైనా కావచ్చు, వెలుగు-నీడల కొలత తప్పకపోతే ముఖం ముఖంలాగే ఉంటుంది. నీడకి గోధుమరంగు వేస్తే అది నీడగా మాత్రమే ఉండేది. ఆకుపచ్చ వేయడంతో దాని పక్కనున్న పెదవుల ఎరుపు ఇంకాస్త పదునెక్కింది. ఒకే కుంచెపెట్టుతో రెండు పనులు జరిగాయి.

ఆ పసుపు గురించి చిన్న మాట. ఎక్స్‌ప్రెషనిస్టులు రంగులన్నీ ఊహలోంచి తెస్తారని ఒక నమ్మకం ఉంది. మ్యూంటర్ 1909లో ఆల్ప్స్ పర్వతాల దగ్గరి మూర్నౌ అనే ఊళ్లో ఇల్లు కొనుక్కుంది. ఆ ఇంటి గోడ అడుగుభాగం పసుపురంగే, దాని ముందే వెరెఫ్కిన్‌ను వేశానని ఆమే తర్వాత రాసుకుంది. టోపీ బండిచక్రమంత ఉండేదని కూడా రాసింది. అంటే ఇక్కడ పసుపు కల్పన కాదు. గోడ మీద పడాల్సిన నీడను, గోడకీ మనిషికీ మధ్య ఉన్న దూరాన్ని తీసేయడంలోనే ఆమె స్వేచ్ఛ ఉంది. మనిషీ గోడా ఒకే పలకకి అతుక్కున్నట్టు ఉంటాయి. మూర్నౌ ఉన్న బవేరియా ప్రాంతపు పల్లెల్లో అద్దం వెనక వేసే బొమ్మల పద్ధతిని ఆమె శ్రద్ధగా నేర్చుకుంది. అందులో ముందు గీత, ఆ తర్వాత రంగు నింపడం. శ్రీకాళహస్తి కలంకారీ చూసిన కళ్లకి ఈ పద్ధతి కొత్తగా అనిపించదు.

ఇప్పుడు బొమ్మలో ఉన్న ఆవిడ ఎవరో తెలుసుకుందాం. మరియాన్న ఫాన్ వెరెఫ్కిన్ 1860లో రష్యాలో పుట్టింది. రష్యన్ చిత్రకారుడు ఇల్యా రేపిన్ దగ్గర చిత్రకళ నేర్చుకుంది. వేటలో తుపాకీ పేలి కుడిచేయి దెబ్బతింటే, మళ్లీ కుంచె పట్టడం సాధన చేసి నేర్చుకుంది. 1896లో చిత్రకారుడు అలెక్సీ యావ్లెన్‌స్కీతో మ్యూనిక్ వచ్చి, అతని కళ ఎదగాలని సుమారు పదేళ్లు తన కుంచె పక్కన పెట్టేసింది. ఈ త్యాగం నాకు మింగుడుపడదు, అది వేరే సంగతి. ఈ బొమ్మ వేసేనాటికి ఆమెకి యాభై దగ్గరపడుతున్నాయి, మళ్లీ బొమ్మలు వేస్తోంది. మ్యూంటర్‌కి 32. మ్యూనిక్ అకాడమీ అప్పట్లో ఆడవాళ్లను చేర్చుకునేది కాదు, అందుకే మ్యూంటర్ చిత్రకారుడు కాండిన్‌స్కీ నడిపిన ప్రైవేటు బడిలో చదువుకుంది. ఇదంతా తెలిశాక భుజం మీదుగా తిరిగి చూస్తున్న ఆ చూపు దగ్గరికి మళ్లీ వెళ్లండి. నాకైతే అందులో దర్పమూ, కొంచెం కొంటెతనమూ కనిపిస్తాయి. మీకు ఇంకేదైనా కనిపిస్తే అది ఏ రంగు వల్లో, ఏ గీత వల్లో చెప్పగలగాలి. "నాకలా అనిపించింది" దగ్గర ఆగిపోతే ఈ పాఠాలు అక్కర్లేదు.

తర్వాత రెండో బొమ్మ తెరవండి. వెరెఫ్కిన్ తన్ను తానే వేసుకున్న చిత్రం, 1910 ప్రాంతంలోది, అదీ లెన్‌బాఖ్‌హౌస్‌లోనే ఉంది. అదే మనిషి, ఇక్కడా టోపీ ఉంది. కానీ కళ్లు ఎర్రగా ఉన్నాయి. ఏడ్చి ఎర్రబడిన కళ్లు కావు, కనుగుడ్లే నిప్పులు. ఇక్కడే చాలామంది తొందరపడి "ఎరుపంటే కోపం" అని రాసేస్తారు. రంగులకి అలాంటి పట్టిక లేదు. వెనకున్న చల్లటి నీలి-ఆకుపచ్చలను కాగితంతో మూసేసి చూడండి, ఎరుపు సగం చల్లారుతుంది. కండువా దగ్గర చూసిన సూత్రమే ఇదీ. మ్యూంటర్ ఆ బలాన్ని బట్టలకీ గోడకీ పంచింది, కళ్లను చిన్నగా, సాదాగా వదిలేసింది. వెరెఫ్కిన్ మొత్తం కళ్లలోకే తెచ్చి పోసింది. స్నేహితురాలు చూసిన మనిషి ఒకరు, అద్దంలో తన్ను తాను నిలదీసిన మనిషి ఇంకొకరు.

ఇంటిపని: ఇంట్లో ఎవరిదైనా ముఖం దగ్గరగా ఉన్న ఫొటో నలుపు-తెలుపులో రెండు ప్రతులు తీయించండి. రంగు పెన్సిళ్లు చాలు. వెలుగున్న చోట ఏదో ఒక లేతరంగు, నీడ ఉన్న చోట ఏదో ఒక ముదురురంగు వేయండి. చర్మం రంగు పెన్సిల్ మాత్రం ముట్టుకోవద్దు. మొదటి ప్రతిలో నేపథ్యానికి, మీరు చొక్కాకో చీరకో వేసిన రంగుకి ఎదురు రంగు, రెండోదానిలో దానికి దగ్గరి రంగు వేయండి. రెండూ గోడకి ఆనించి, గదికి అటు చివర నుంచి చూసి తేడా రాసుకోండి. ఆ కాగితాలు దాచి ఉంచండి. ఆరో పాఠంలో యావ్లెన్‌స్కీ వేసిన తలల దగ్గరికి వెళ్లినప్పుడు వాటితో పని పడుతుంది.