1756 పొత్తులు బుర్రకెక్కాలంటే ఇలా చేయండి

పద్దెనిమిదో శతాబ్దపు యూరప్ చదివేటప్పుడు ఎవరు ఎవరి జట్టో బట్టీ పట్టకండి. నేనూ అలాగే మొదలుపెట్టి రెండు రోజుల్లో అంతా కలగాపులగం చేసుకున్నాను. ముందు ఎవరికి ఎవరంటే పడదో పట్టుకోండి.

తెల్లకాగితం మీద ఐదు పేర్లు రాయండి: బ్రిటన్, ఫ్రాన్స్, ఆస్ట్రియా, ప్రష్యా, రష్యా. బ్రిటన్‌కీ ఫ్రాన్స్‌కీ మధ్య ఎర్ర ఇంకుతో ఒక గీత, ఆస్ట్రియాకీ ప్రష్యాకీ మధ్య ఇంకోటి. 1740 నుంచి 1763 దాకా ఈ రెంటినీ చెరపాల్సిన పని రాదు. మిగతావన్నీ పెన్సిల్‌తో గీయండి, రబ్బరు పక్కనే ఉంచుకోండి.

గీత పక్కన గొడవ దేనికో కూడా రాయాలి, అసలు సంగతంతా అక్కడే ఉంది. ఆస్ట్రియా, ప్రష్యాలది సైలీషియా అనే ప్రాంతం కోసం తగువు. 1740లో ఆస్ట్రియాలో మరియా థెరీసా గద్దెనెక్కిన కొద్ది వారాలకే ప్రష్యా రాజు ఫ్రెడరిక్ సైన్యంతో వచ్చి దాన్ని ఆక్రమించాడు, 1748 ఎక్స్-లా-షపెల్ సంధిలో పాత మిత్రుడు బ్రిటన్ కూడా ఆమెకు తిరిగి ఇప్పించలేదు. ఆ సంధి బేరానికి ఆమె తరఫున వెళ్లిన కౌనిట్జ్‌కి విషయం అర్థమైంది: సైలీషియా రావాలంటే బ్రిటన్‌ని నమ్ముకుని లాభం లేదు, ఫ్రాన్స్‌నే మంచి చేసుకోవాలి. 1753లో ఆయనే ఆస్ట్రియా ఛాన్సలర్, అంటే ముఖ్యమంత్రిలాంటి పెద్ద మంత్రి, అయ్యాడు.

ఇక 1756, రబ్బరు తీయండి. జనవరి 16న వెస్ట్‌మినిస్టర్‌లో బ్రిటన్, ప్రష్యా ఒప్పందం చేసుకున్నాయి. బ్రిటన్ రాజు రెండో జార్జ్‌కి జర్మనీలో ఉన్న తన హానోవర్ మీద బెంగ, ఫ్రెడరిక్‌కేమో రష్యా అంటే భయం. అప్పటిదాకా ప్రష్యాకి మిత్రుడు ఫ్రాన్స్; తమను అడక్కుండా ఇదేమిటని ఒళ్లు మండి అది మే 1న వెర్సాయ్‌లో ఆస్ట్రియాతో చేయి కలిపింది. ఈ రెండు తేదీలూ అదే వరసలో గుర్తుంచుకోండి, తిప్పి రాస్తే కథే మారిపోతుంది.

రాజులు చనిపోయిన తేదీలు కూడా అంచున రాసుకోండి. 1762 మొదట్లో రష్యా రాణి ఎలిజబెత్ పోయింది, తర్వాత వచ్చిన మూడో పీటర్ ఫ్రెడరిక్‌కి వీరాభిమాని, ప్రష్యాతో అప్పటిదాకా చేస్తున్న యుద్ధం ఆపేసి ఏకంగా పొత్తే పెట్టుకున్నాడు!

బ్రిటన్, ఫ్రాన్స్‌ల ఎర్రగీత పిఠాపురం దగ్గరి చందుర్తి దాకా వచ్చింది, 1758 డిసెంబరులో ఇంగ్లీషు కల్నల్ ఫోర్డ్ ఫ్రెంచివాళ్లను ఓడించింది అక్కడే. ఆయన పక్కన నిలబడింది విజయనగరం ఆనందరాజు. ఏడాది ముందు, 1757లో, ఇదే విజయనగరం ఫ్రెంచి సేనాని బుస్సీని వెంటబెట్టుకుని బొబ్బిలి మీదికి వెళ్లింది. ఈ గీతలకు మాత్రం ఇంకో కాగితం తీసుకోండి.