అట్లాంటిస్ గురించి మోంటేన్ రాసిన పేజీలు చదవడం ఎలా

సముద్రంలో మునిగిపోయిందని చెప్పే అట్లాంటిస్ మీద యూట్యూబ్‌లో గంటల కొద్దీ వీడియోలున్నాయి. అవి చూసే ముందు ఒక్క రెండు మూడు పేజీలు చదవమని నేను అడిగినవాళ్లందరికీ చెబుతుంటాను. ఫ్రెంచ్ రచయిత మిషెల్ ద మోంటేన్ రాసి, 'ఎస్సేస్' అనే తన వ్యాసాల పుస్తకంలో 1580లో బోర్డోలో అచ్చేయించినవి. చిన్నవే గానీ గబగబా చదివితే ఏమీ మిగలదు. నేను చదివే పద్ధతి ఇది.

ముందు వ్యాసం పట్టుకోవాలి. దాని పేరు 'నరభక్షకుల గురించి'. పేరు చూసి ఇది కాదేమో అని పక్కన పెట్టకండి, అట్లాంటిస్ ప్రస్తావన మొదట్లోనే వస్తుంది. చాలా ప్రతుల్లో ఇది మొదటి సంపుటంలో 31వ అధ్యాయం. గుటెన్‌బర్గ్ సైట్‌లో ఉచితంగా దొరికే చార్లెస్ కాటన్ ఇంగ్లీషు అనువాదంలో మాత్రం 30. కొనేటట్టయితే వాక్యాల పక్కన ఎ, బి, సి గుర్తులున్న ప్రతి చూసుకోండి. ఎ అంటే 1580 నాటిది, బి 1588లో కలిపింది, సి ఆ తర్వాత మార్జిన్లలో ఆయన చేత్తో రాసుకున్నది. ఒక మనిషి ఆలోచన ఏళ్ల తరబడి ఎలా పెరిగిందో కళ్లకు కడుతుంది.

అట్లాంటిస్ కథ మొదట చెప్పింది గ్రీకు తత్వవేత్త ప్లేటో. అది తెలియకపోతే ఆయన రాసిన 'టిమేయస్' అనే సంభాషణ మొదటి భాగం చదివి రండి. ఈజిప్టులోని సాయిస్ నగర పూజారులు ఏథెన్స్ శాసనకర్త సోలన్‌కి చెప్పిన కథ అది. మోంటేన్ దాన్ని క్లుప్తంగా మళ్లీ చెబుతాడు.

ఇప్పుడు ప్రపంచ పటం పరిచి స్పెయిన్‌కీ ఆఫ్రికాకీ మధ్యనున్న జిబ్రాల్టర్ జలసంధి మీద వేలు పెట్టండి. అట్లాంటిస్ సరిగ్గా ఆ జలసంధి ముందే ఉండేదని కథ. కొలంబస్ తర్వాత చాలామందికి అమెరికాయే ఆ అట్లాంటిస్ అనిపించింది. 1552లో గోమారా అనే స్పానిష్ చరిత్రకారుడు, మెక్సికోవాళ్లు నీటిని 'అట్ల్' అంటారు కాబట్టి అదే రుజువు అన్నాడు. మోంటేన్ ఆ మాట ఒప్పుకోడు. స్పెయిన్‌ని దాదాపు తాకుతూ ఉన్న ద్వీపాన్ని ఏ వరద 1200 లీగుల అవతలికి నెడుతుంది అంటాడు. లీగు సుమారు నాలుగు కిలోమీటర్లు అనుకున్నా 4800 కిలోమీటర్లు. పటం మీద వేలు జరిపి చూడండి, వాదనలో బలం అప్పుడు తెలుస్తుంది. ఆయన రెండో కారణం మాత్రం తప్పు. అమెరికా ద్వీపం కాదని, ఒకవైపు ఈస్టిండీస్‌తో, మరోవైపు ధ్రువాల కింది భూములతో కలిసి ఉందని అప్పటి నావికుల మాట నమ్మాడు. దాని పక్కన పెన్సిల్‌తో గీత పెట్టుకుని ముందుకు వెళ్లండి.

ఇక్కడ తొందరపడొద్దు. ఆయన రెండు ప్రశ్నల్ని విడదీస్తున్నాడు. భూమి నీళ్లలో కలిసిపోవడం జరిగే పనేనా? జరుగుతుంది, సిసిలీని ఇటలీ నుంచి సముద్రమే కోసేసిందంటారు కదా అంటాడు. మరి ఆ పోయిన నేల, ఈ కొత్త ఖండం ఒకటేనా? అది నమ్మేలా లేదు. మనం చూసే వీడియోల్లో మొదటిదానికి 'అవును' అనిపించి, రెండోదాన్ని అదే ఊపులో మింగించేస్తారు. ద్వారక మీద వచ్చే వాట్సాప్ ఫార్వర్డ్‌లైనా అంతే.

తర్వాత ఆయన తన ఇంటి దగ్గరి నదికి వస్తాడు. దోర్దోన్ తన కాలంలో కుడి గట్టువైపు ఎలా జరుగుతోందో, ఇరవై ఏళ్లలో ఎంత నేల తినేసిందో, ఎన్ని భవనాల పునాదులు లాగేసిందో చెబుతాడు. బోర్డో దగ్గరి మెదోక్ సముద్రతీరంలో తన తమ్ముడి భూమి ఇసుకలో పూడిపోయి, కట్టడాల కొనలు మాత్రం పైకి కనబడుతున్నాయట. నాలుగు లీగుల నేల పోయిందని అక్కడివాళ్లు అంటారు. ఈ పేరా నాకు గోదావరి లంకలో అర్థమైంది. మా తాతగారి కొబ్బరితోట మూడు వరసలు కోతకి పోయాయి. వరద తీసిన మర్నాడు వెళ్తే, గట్టు అంచున ఒక చెట్టు వేళ్లు గాల్లో వేలాడుతూ, మట్టి ఇంకా పెళ్లలు పెళ్లలుగా నీళ్లలో పడుతోంది. మీకు తెలిసిన ఏరో, చెరువో, తీరమో గుర్తు చేసుకుని ఈ పేరా చదవండి.

అక్కడితో ఆపకండి. ఇంకో పేజీ తిప్పితే, బ్రెజిల్‌లో పదీ పన్నెండేళ్లు ఉండి వచ్చిన మనిషి కనిపిస్తాడు. చదువు లేని సాదా మనిషి, కల్పించి చెప్పేంత నేర్పు లేదు, అందుకే అతని సాక్ష్యం నమ్ముతానంటాడు మోంటేన్. ఎవరికి ఎంత తెలుసో అంతే రాయాలి, ఒక్క ఏటి సంగతో ఊట సంగతో బాగా తెలిసినవాడు ప్రకృతి శాస్త్రం మొత్తం రాయడానికి పూనుకుంటున్నాడు అని బాధపడతాడు. ఆ వాక్యం దగ్గర పుస్తకంలో వేలు పెట్టుకుని, వెనక్కి తిప్పి, దోర్దోన్ పేరా ఇంకోసారి చదవండి.