త్రీలు పడట్లేదా? షూటర్ చేతిని కాదు, ముందు పాస్‌ని చూడండి

బాస్కెట్‌బాల్‌లో వరసగా రెండు మ్యాచ్‌లు త్రీలు (మూడు పాయింట్ల లైన్ బయటినుంచి వేసే షాట్లు) పడకపోతే చాలామంది కోచ్‌లు చేసే పని ఒకటే. మర్నాడు అందర్నీ లైన్ బయట నిలబెట్టి తలా వంద షాట్లు వేయిస్తారు. ఎదురుగా డిఫెండర్ ఉండడు, బంతి నింపాదిగా చేతికొస్తుంది, కాబట్టి బాగానే పడతాయి. మ్యాచ్‌లో మళ్లీ రింగుకి తగిలి బయటికే. అలాంటప్పుడు పిల్లలకి షూటింగ్ రాదనుకోవడం కన్నా, మ్యాచ్‌లో వాళ్లకి దొరుకుతున్న షాట్ ఎలాంటిదో చూడటం మేలు. అందుకు నేను వాడేది ఒక నోటు పుస్తకం.

బెంచి మీదున్న ఒకరికి ఆ పుస్తకం ఇవ్వండి. ప్రతి త్రీకి ఒక వరస: ఎవరు వేశారు, ఎక్కడినుంచి, డ్రిబుల్ చేసి (బంతిని నేలకు కొడుతూ వచ్చి) వేశారా లేక పాస్ అందుకుని వేశారా, పాస్ అయితే ఎంత ఎత్తులో అందింది, మిస్సయితే ఎటు పోయింది. (తల్లిదండ్రుల చేతికి మాత్రం ఇవ్వకండి. వాళ్లబ్బాయి మిస్ చేసిన ప్రతి షాటూ ఫౌలే అని రాస్తారు.)

నాలుగైదు మ్యాచ్‌లు రాసేదాకా ఏ నిర్ణయానికీ రావద్దు. మూడు త్రీల్లో ఒకటి పడితే, రెండు పాయింట్ల షాట్లు సగం పడినంత లెక్క. అది మంచి జట్టే. అలాంటి జట్టు మ్యాచ్‌కి 20 త్రీలు వేస్తుంటే, ఏ లోపమూ లేకపోయినా ఆరేడు మ్యాచ్‌లకోసారి నాలుగో, అంతకంటే తక్కువో పడే రోజు వస్తుంది. అమెరికా ప్రొఫెషనల్ లీగ్ ఎన్‌బీఏలో, 2018 వెస్టర్న్ కాన్ఫరెన్స్ ఫైనల్స్ ఏడో మ్యాచ్‌లో హ్యూస్టన్ రాకెట్స్ వరసగా 27 త్రీలు మిస్సయింది. ఆ సీజన్లో 65 మ్యాచ్‌లు గెలిచిన జట్టది!

పుస్తకం నిండాక ముందు చూడాల్సింది పాస్ ఎత్తు. మా జట్టులో ఒకమ్మాయి ఉంది. ప్రాక్టీసులో ఆమె త్రీ పడకపోతే అందరూ తలతిప్పి చూస్తారు. మ్యాచ్‌లో మాత్రం పడేవి కావు. పుస్తకం తిరగేస్తే ఆమె పేరు పక్కన ‘మోకాలు’, ‘మోకాలు’, ‘బాగా ఎడమకి’, మళ్లీ ‘మోకాలు’. బంతి కోసం వంగుతుంది, లేస్తుంది, పాదాలు సర్దుకుంటుంది. ఈలోపు డిఫెండర్ చెయ్యి మొహం మీదికి వచ్చేస్తుంది, ఇక తొందరగా విసిరేస్తుంది. స్కోర్ షీట్‌లో మిస్సు ఆమె ఖాతాలో పడుతుంది గానీ, తప్పు బంతి ఇచ్చినవాళ్లది.

దీనికి మేం ఆడే డ్రిల్ ఇది. ఒకరు రింగు వైపు దూసుకెళ్లి కోర్టు మూలలో (కార్నర్‌లో) ఉన్న షూటర్‌కి పాస్ ఇవ్వాలి. డిఫెండర్ రింగు కింద నుంచి షూటర్ మీదికి పరిగెత్తాలి. బంతి ఛాతీకీ భుజానికీ మధ్య, షూటర్ వేసే చేతి వైపు అందితేనే పాయింట్. షూటర్ అప్పటికే మోకాళ్లు వంచి, చేతులు చూపిస్తూ సిద్ధంగా ఉంటే ఇంకో పాయింట్. బాస్కెట్ పడినా పడకపోయినా లెక్కలోకి రాదు. మొదట్లో పిల్లలు గొణుగుతారు, తర్వాత పాస్ ఎత్తు మీద వాళ్లలో వాళ్లే పోట్లాడుకుంటారు.

ఎవరూ రింగు వైపు వెళ్లకుండా బంతిని ఆర్క్ (మూడు పాయింట్ల లైన్) చుట్టూ తిప్పుతూ కూర్చుంటే డిఫెండర్ తల కూడా తిప్పడు. లోపలికి చొచ్చుకెళ్తేనే అతను షూటర్‌ని వదిలి రెండడుగులు లోపలికి వస్తాడు. ఆ రెండడుగులే మన త్రీ. కార్నర్‌లో దూరం కూడా కాస్త కలిసొస్తుంది: ఫీబా (అంతర్జాతీయ బాస్కెట్‌బాల్ సమాఖ్య) కోర్టులో లైన్ పైభాగంలో, అంటే రింగుకి ఎదురుగా, 6.75 మీటర్లు, కార్నర్‌లో 6.60. ఎన్‌బీఏలో తేడా ఇంకా ఎక్కువ, 7.24కి 6.70.

ఇక మిస్సు ఎటు పోయిందో చూడండి. తిన్నగా వెళ్లి రింగుకి కాస్త ముందో వెనకో తగిలితే కంగారు అక్కర్లేదు. చివరి క్వార్టర్‌లోనే రింగు ముందంచుకి తగులుతుంటే కాళ్లు అలిసిపోయాయని. ఆ ఆటగాడు మధ్యలో రెండు నిమిషాలు కూర్చోవాలి. కుడికో ఎడమకో పోతుంటే బంతికి ఆనించిన రెండో చేతి బొటనవేలు వదిలేటప్పుడు బంతిని నెడుతోందేమో గమనించండి.

షాట్ మరీ చదునుగా వెళ్తోందేమో కూడా చూడాలి. రింగు వెడల్పు 45 సెంటీమీటర్లు, పురుషుల బంతి సుమారు 24. బంతి 45 డిగ్రీల వాలులో దిగితే దానికి దొరికే దారి దాదాపు 32 సెంటీమీటర్లు. 30 డిగ్రీలకు తగ్గితే 22.5 మాత్రమే, అంటే బంతికన్నా ఇరుకు. అలసిన కాళ్లతో వేసే షాట్ ఇలాగే చదునైపోతుంది. అందుకే మా దగ్గర త్రీల ప్రాక్టీసు మొదట్లో ఉండదు, పరుగులన్నీ అయ్యాక ఉంటుంది.

మోచేయి, మణికట్టు లాంటి మరమ్మతులు సీజన్ మధ్యలో పెట్టుకోవద్దు. మ్యాచ్‌లన్నీ అయ్యాక రింగుకి ఒక మీటరు దూరంలో, ఒంటి చేత్తో వేయించడంతో మొదలుపెట్టండి. అక్కడ కుదిరాక ఒక్కో అడుగే వెనక్కి జరపండి.